శ్రుతక్క కొన్న ఫోను

ఆ నాటకశాల వాద్యబృందంలో రెండో వరుసలో వయొలిన్ వాయించే ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ ఆమె శ్రుతక్క. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ, అదే పేరు. పైన తిరిగే ఫ్యాను ఏ స్వరంలో మూలుగుతోందో కళ్లు మూసుకుని చెప్పేది. ఎవరి చేతిలోంచైనా గాజు గ్లాసు జారి పగిలితే, అందరూ కాళ్లు పైకి తీసుకుంటుంటే, ఆమె మాత్రం "కాస్త హెచ్చులో పగిలింది" అనేది. ప్రదర్శనకు ముందు ఓబో అనే ఊదే వాద్యం వాయించే ఆయన ఒక స్వరం ఊది పట్టి ఉంచుతాడు. అందరూ తమ వాద్యాలను దానికి కలుపుకోవాలి. ఆ సమయంలో చుట్టుపక్కల వాళ్లు తీగ మీద కమాను లాగి ఆమె మొహం చూసేవాళ్లు. ఆమె కనుబొమ్మ పైకి లేచిందంటే తీగ ఇంకొంచెం బిగించాలి. కిందికి దిగిందంటే వదులు చెయ్యాలి.

ఆ బృందంలోనే యాప్‌రాజు కూడా ఉండేవాడు. ఆ పేరు పెట్టింది శ్రుతక్కే. అదే రెండో వరుసలో, ఆమెకు రెండు కుర్చీల అవతల వయొలిన్ వాయించేవాడు, ఆమెకంటే పదేళ్లు చిన్న. దేనికైనా ఫోను తీసేవాడు. శ్రుతి చూసుకోవడానికొక యాప్, తాళం తప్పకుండా టిక్కుటిక్కుమనే యాప్, పరుగెత్తే పాటను నత్తనడక నడిపించి వినిపించే యాప్. ఒకరోజు ఆమె అందరిముందూ అతని వైపు తిరిగి, "మొహానికి అటొకటీ ఇటొకటీ చెవులు దేనికయ్యా నీకు? కళ్లజోడు తగిలించుకోవడానికా?" అంది. బృందమంతా గొల్లున నవ్వింది. అతనూ నవ్వాడు. కానీ ఆ తర్వాత ఆమె కంటపడేలా ఫోను పెట్టుకోవడం మానేశాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం ఆమె నిద్ర లేచేసరికి ఎడమ చెవిలో దూది కుక్కినట్టుంది. స్నానం నీళ్లు పోయాయేమో అనుకుంది. తల పక్కకు వంచి గెంతింది. ముక్కు మూసుకుని గాలి బిగబట్టింది. దూది కదల్లేదు. అలాగే సాధనకు వెళ్లింది.

ఓబో ఆయన స్వరం పట్టాడు. ఆమెకు రెండు ఓబోలు వినిపించాయి. ఒకటి కుడి చెవిలో, ఎప్పటిలాగే. ఇంకొకటి ఎడమ చెవిలో, దాదాపు అరస్వరం కిందికి, రేకుడబ్బాలోంచి వస్తున్నట్టు. రెండూ ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి. ఆమె తన తీగ లాగి చూసింది. అదీ రెండుగానే మోగింది. పక్కవాళ్లు అలవాటుగా ఆమె మొహం చూశారు. ఏం చెయ్యాలో తోచక కనుబొమ్మ ఎత్తింది. నలుగురూ తీగలు బిగించుకున్నారు.

పాట మొదలైన కాసేపటికే బృందాన్ని నడిపే మాస్టారు చేతిలో కర్ర దించేశారు. "ఏమైంది ఇవాళ రెండో వరుసకి?" అన్నారు.

ఇరవై రెండేళ్లలో ఆమె ఆ మాట వినడం అదే మొదలు.

చెవి డాక్టరమ్మ ఆమెను చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి రకరకాల శబ్దాలు వినిపించింది. బయటికొచ్చాక కాగితం మీద గీతలు చూపించింది. కుడి చెవి గీత చదునుగా ఉంది. ఎడమ చెవి గీత మెట్ల మీంచి పడ్డట్టు కిందికి జారిపోయింది.

"లోపల నరం దెబ్బతిందమ్మా. వైరస్ వల్ల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. మందులు వాడదాం."

"తగ్గుతుందా?"

"కొందరికి పూర్తిగా తగ్గుతుంది. కొందరికి కొంత. కొందరికి తగ్గదు. మూడు నెలలు చూస్తేగానీ చెప్పలేం."

"ఒకే శబ్దం రెండుగా వినిపిస్తోంది డాక్టరు గారూ."

"ఒక్కో చెవి ఒక్కో శ్రుతిలో పట్టుకుంటోంది. ఇలాంటప్పుడు అలా అవుతుంది. మాటలు అర్థమవుతున్నాయి కదా?"

"అవుతున్నాయి."

"మరింకేం! చాలామందికి అదీ ఉండదు."

డాక్టరమ్మ ధైర్యం చెప్పాలనే అంది. ఆమె మాత్రం ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, మందుల చీటీ నలిపి ముద్ద చేసి, మళ్లీ విప్పి మోకాలి మీద పెట్టి చదును చేసింది. ఆ చీటీ లేకపోతే మందులివ్వరు.

సరిగ్గా ఆ వారంలోనే నాటకశాల నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఇకమీదట రెండో వరుసలో ఎనిమిది వయొలిన్లు ఉండవు, ఆరే ఉంటాయి. పదహారు రోజుల తర్వాత అందరికీ పరీక్ష. తెర వెనక కూర్చుని వాయించాలి. ఎవరు వాయిస్తున్నారో మాస్టారికి తెలియదు, అంకె ఒక్కటే తెలుస్తుంది. కాగితం ముందు నిలబడ్డవాళ్లలో ఒకామె శ్రుతక్క భుజం తట్టి, "నీకేం భయం? మా సంగతి చెప్పు" అంది. శ్రుతక్కకు నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. నవ్వి తప్పుకుంది.

ఇంట్లో ఆ విషయం భర్తకొక్కడికే తెలుసు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆమె ఎడమ చెవిలో మైనం ముద్ద పెట్టుకుని వాయించి చూస్తుంటే, తలుపు దగ్గర నిలబడి చూశాడు. మైనం పనిచెయ్యలేదు. వయొలిన్ ఎడమ దవడ కిందే ఉంటుంది కాబట్టి శబ్దం ఎముకలోంచి లోపలికి పాకుతోంది. ఆమె కమాను పక్కన పెట్టి రెండు చేతులతో తల పట్టుకుంది.

"లిఫ్టు సరిగ్గా గడప మట్టానికి ఆగిందో లేదో నేను చెవితో చూస్తానా?" అన్నాడాయన. "కొలత పెట్టి చూస్తాను. మీ స్వరాలకి కొలత ఉండదా?"

"ఉంటుంది."

"మరి కొలిచే సామాను ఎక్కడ దొరుకుతుంది?"

"ఫోన్లో" అంది, కషాయం మింగినట్టు మొహం పెట్టి.

ఆమె దగ్గర ఉన్నది బటన్లు నొక్కే పాత ఫోను. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ ఫోన్ల దుకాణానికి వెళ్లారు. ఆమె వయొలిన్ పెట్టె కూడా తీసుకెళ్లింది. దుకాణంలో అమ్మే అమ్మాయి ఆ పెట్టెను అనుమానంగా చూస్తూనే నాలుగు ఫోన్లు వరుసగా పేర్చింది.

"దీన్లో కెమెరా అదిరిపోతుంది మేడమ్. చీకట్లో కూడా సెల్ఫీ తెల్లగా వస్తుంది."

"మైకు ఎలా ఉంటుంది?"

"మైకా?" ఆ అమ్మాయి డబ్బా తిరగేసి చదివింది. "మైకు... ఉంటుంది మేడమ్. అన్నింటికీ ఉంటుంది."

"వాయించి చూసుకోవచ్చా?"

అమ్మాయి నోరు తెరిచింది. "మా దగ్గర ఫొటో తీసి చూసుకునేవాళ్లే గానీ వాయించి చూసుకునేవాళ్లు ఇంతవరకూ రాలేదు మేడమ్. కానివ్వండి. మేనేజరు భోజనానికెళ్లాడు."

ఆమె వయొలిన్ తీసి ఒక స్వరం సాగదీసి వాయించింది. అమ్మాయి ఫోన్లో రికార్డు చేసి వినిపించింది. మొదటి అరక్షణం వయొలిన్ వినిపించింది. తర్వాత ఆ శబ్దం నీళ్లలో మునిగినట్టు మునిగిపోయింది. మిగిలిందల్లా భర్త దగ్గిన దగ్గు, అది మాత్రం గంట కొట్టినట్టు స్పష్టంగా.

"ఇదేంటి, నా శబ్దమేది?"

అమ్మాయి సెట్టింగుల్లో వెతికింది. ఆ పిల్ల మొహంలో అమ్మాలన్న తొందర పోయి నిజమైన కుతూహలం వచ్చింది. "ఫోను మాటల కోసం చేస్తారు కదా మేడమ్. మాట కానిదాన్ని రొద అనుకుని తీసేస్తోంది. ఒకటే శబ్దం సాగుతూ ఉంటే ఫ్యాను అనుకుంటుందేమో."

శ్రుతక్క కుర్చీలో కూలబడింది. డాక్టరమ్మకి మాటలు వినిపిస్తే చాలు. ఫోనుకీ అంతే. ఆమె ఇరవై రెండేళ్లుగా చేస్తున్నది రొద.

"ఇంకోటి చూద్దాం మేడమ్" అంది అమ్మాయి, ఆమె మొహం చూసి మెత్తబడి.

రెండో ఫోను కూడా అంతే. మూడోది శబ్దాన్ని తీసుకుంది గానీ, తీగ లేని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే, వాయించిన స్వరం కాసేపు ఎక్కడో తిరిగొచ్చి చెవిలో పడుతోంది, వెనక ఇంకెవరో వంతపాట వాయిస్తున్నట్టు. ఇయర్‌ఫోన్ తీగ గుచ్చుకునే రంధ్రం ఆ ఫోనుకు లేదు. నాలుగోది అన్నింటికంటే లావుగా, బరువుగా, ఇటుకలా ఉంది. దానికి రంధ్రం ఉంది. రొద తీసేసే మీట ఆపేస్తే, వాయించింది వాయించినట్టే తిరిగి వినిపించింది.

"కెమెరా మాత్రం చెత్త మేడమ్ దీంట్లో" అని అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది.

"నా మొహం ఇప్పుడు ఫొటోలు తీసుకునేలా లేదులే అమ్మాయ్. ఇదే ఇవ్వు."

ఇంటికి తెచ్చాక అసలు తిప్పలు మొదలయ్యాయి. శ్రుతి అని వెతికితే యాప్‌లు పుట్టలోంచి చీమల్లా వచ్చాయి. ఒకదాంట్లో ముల్లు, ఒకదాంట్లో రంగులు, ఒకదాంట్లో నవ్వే బొమ్మ. ఆమె పదకొండు ఎక్కించింది. ఒక స్వరం సగం లాగేలోపు తెరంతా నిండిపోయేలా పొట్ట తగ్గించే బెల్టు ప్రకటన వచ్చేది. దాన్ని మూయడానికి మూలన ఉన్న ఆవగింజంత గుర్తు మీద నొక్కితే ఇంకో ప్రకటన. ముల్లేమో మతిపోయినదానిలా అటూ ఇటూ కొట్టుకునేది. మధ్యలో నిలబడ్డప్పుడు కూడా ఆమె చెవులు "కాదు, తప్పు" అని అరిచేవి. ముల్లును నమ్మాలా, చెవిని నమ్మాలా? నాలుగు రోజులు గడిచేసరికి, కమాను ముట్టుకుంటేనే చేతికి చెమట పట్టే స్థితికి వచ్చింది. ఒక మధ్యాహ్నం ఫోనును మంచం మీదికి విసిరి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. భర్త వచ్చేదాకా అలాగే ఉంది.

"ఆ పిల్లాడెవరో ఉన్నాడన్నావుగా, యాప్‌రాజో ఎవరో. అతన్ని అడగరాదా?"

"ఏ మొహం పెట్టుకుని అడగమంటారు? పైగా ఆ కుర్చీ కోసం అతనూ పరీక్షకి కూర్చుంటున్నాడు."

"అడగకపోతే ఏం చేస్తావు?"

ఆమె లేచి మంచం మీది ఫోను తీసుకుంది.

మర్నాడు సాధన అయ్యాక, వేదిక వెనక వాద్యాలు దాచే గదిలో యాప్‌రాజు తన పెట్టె సర్దుకుంటుంటే, ఆమె తలుపు దగ్గరగా వేసి లోపలికి వచ్చింది. చేతిలో కొత్త ఫోను.

"ఇందులో మంచి యాప్‌లేవో చెప్తావా?"

అతను ఫోను చూశాడు, ఆమెను చూశాడు. "ఇంకా అయిపోలేదా అక్కా ఎగతాళి? పరీక్ష టెన్షన్లో ఉన్నాను, వదిలెయ్యండి."

"ఎగతాళి కాదయ్యా."

"మీకు యాపా? మొన్న నా చెవులు కళ్లజోడుకన్నారు."

"అన్నాను. తప్పే." ఆమె తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నా ఎడమ చెవి పోయింది. ఓబో రెండుగా వినిపిస్తోంది. ఏది శ్రుతో ఏది కాదో నాకు తెలియడం లేదు."

ఆ మాట అన్నాకగానీ ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. తన మెడ తీసుకెళ్లి అతని చేతిలో పెట్టింది. మాస్టారి గదికి పది అడుగుల దూరం. అతను వెళ్లి ఒక్క ముక్క చెబితే ఎనిమిది మందిలో ఒకరు తగ్గినట్టే.

యాప్‌రాజు తన పెట్టె మూసి పక్కన పెట్టాడు. తర్వాత చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు.

"ముందీ చెత్తంతా తీసేద్దాం" అన్నాడు.

పదకొండు యాప్‌లు పోయాయి. మూడు వచ్చాయి. ఒకటి స్వరాన్ని గీతగా గీసేది. సరిగ్గా ఉంటే గీత ఆకుపచ్చ, తప్పితే ఎరుపు. ముల్లులా గంతులెయ్యదు. ఎక్కడ జారిందో, ఎక్కడ ఎగిసిందో వాయించాక కూడా నిదానంగా చూసుకోవచ్చు. రెండోది ఒకే ఆధార శ్రుతిని ఆగకుండా మోగించేది, కుడి చెవిలో ఒక్క ఇయర్‌ఫోన్ పెట్టుకుని దానితో కలుపుకోవాలి. మూడోది తాళం వేసేది, టిక్కుమనకుండా ఒంటికి తగిలేలా అదిరేది. ప్రకటనలు రాకుండా ఉండాలంటే ఒకసారి కొనుక్కోవాలన్నాడు. చివరికి తన జేబులోంచి బట్టల క్లిప్పులాంటి చిన్న మైకు తీసి ఆమె వయొలిన్ చెక్కకు తగిలించాడు. అది గాల్లో శబ్దాన్ని కాక, చెక్క అదురును పట్టుకుంటుంది. పక్కన ఎవరు వాయించినా దానికి పట్టదు.

"ఇప్పుడు వాయించండి. చెవిని నమ్మకండి అక్కా. గీత చూడండి, వేలు ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకోండి."

"తప్పుగా వినిపిస్తోందయ్యా."

"వినిపించనివ్వండి. గీత ఆకుపచ్చగా ఉంది."

పరీక్షకు మిగిలిన తొమ్మిది రోజులూ చేసినటువంటి సాధన ఆమె జీవితంలో ఎప్పుడూ చేయలేదు. ప్రతి స్వరం చెవికి చేదుగా ఉండేది. అది చేదుగా ఉన్నప్పుడే సరైనదని తెలుసుకోవాలి. చెవికి ఇంపుగా వినిపించిందంటే గీత ఎర్రబడేది. భోజనం చేస్తూ కూడా బల్ల అంచు మీద వేళ్లు పెట్టి దూరాలు వల్లెవేసేది. వేలికొసలు పగిలాయి. రెండుసార్లు వాంతి చేసుకుంది. మందుల వల్లనో, ఆ శబ్దం వల్లనో తెలియదు. యాప్‌రాజు రోజు విడిచి రోజు ఆ వాద్యాల గదికి వచ్చి, గీతలు చూసి, "మూడో తీగ మీద మూడో వేలు కొంచెం వెనక్కి పడుతోంది" అని చెప్పి, తన సాధనకు తను వెళ్లిపోయేవాడు.

పరీక్ష రోజు తలుపు దగ్గర పళ్లెం పెట్టి అందరి ఫోన్లూ తీసుకున్నారు. ఆమె ఇటుకలాంటి ఫోనును అందులో పెట్టింది. అంతకుముందే వాద్యాల గదిలో గీత చూసుకుంటూ నాలుగు తీగలూ కలుపుకుంది. అవి వదులు కాకూడదని ఎవరికి మొక్కుకోవాలో తెలియక తీగలకే మొక్కుకుంది. ఐదో అంకె పిలిచారు. తెర వెనక కుర్చీలో కూర్చుని, వేళ్లను వాటి దారిన వదిలేసి వాయించింది. తను వాయిస్తున్నది తనకే అబద్ధంగా వినిపిస్తోంది. ఒకచోట ఇది ఘోరంగా తప్పిందని చెవి గట్టిగా చెప్పింది. వేలు జరపాలని ప్రాణం కొట్టుకుంది. జరపలేదు. ముగించి లేచేసరికి ఎంత బాగా వాయించిందో, ఎంత చెడగొట్టిందో ఆమెకు ఏమాత్రం తెలియదు.

సాయంత్రం ఆరు అంకెలు అంటించారు. ఐదు అందులో ఉంది. ఎనిమిది లేదు.

ఎనిమిది యాప్‌రాజుది.

అతను బోర్డు ముందు కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత ఆమె దగ్గరికి వచ్చి, "మంచిదే అక్కా" అన్నాడు. ఆమె హడావిడిగా సంచిలోంచి క్లిప్పు మైకు తీసి ఇవ్వబోయింది. "మీ దగ్గరే ఉంచుకోండి. నాకిప్పుడు దాంతో పనేముంది?" అని పెట్టె భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇంట్లో భర్త సంతోషంతో స్టూలెక్కి, ఎన్నాళ్ల నుంచో మార్చమంటున్న హాలు దీపం మార్చేశాడు. ఆమె కూడా నవ్వింది. యాప్‌రాజు ముఖం కళ్ల ముందు నుంచి పోలేదు గానీ, కుర్చీ దక్కింది కదా, చెవి కూడా వస్తుంది కదా, అప్పుడు అన్నీ సర్దుకుంటాయి అనుకుంది.

ఏమీ సర్దుకోలేదు.

కొత్త వరుసతో మొదటి సాధన. స్టాండు మీద స్వరాల కాగితం పక్కనే ఫోను, చెక్కకు క్లిప్పు మైకు. పాట మొదలైంది. గీత ఆకుపచ్చగా సాగుతోంది. అరగంట గడిచాక పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి వంగి, "అక్కా, మీరు కొంచెం కిందున్నారు" అంది మెల్లగా.

ఆమె ఫోను చూసింది. ఆకుపచ్చ. వేలు జరపలేదు.

"అక్కా, ఇంకా కిందే ఉన్నారు."

అప్పుడు ఆమెకు అర్థమైంది. దీపాల వేడికి, ఊపిరి వేడికి గాలి వాద్యాలు కొద్దికొద్దిగా పైకి జరుగుతాయి. వాటితోపాటు మిగతా వాళ్లందరూ తమకు తెలియకుండానే జరుగుతారు. అరవై మంది కలిసి పైకి జరిగితే శ్రుతి అక్కడే ఉన్నట్టు. ఇరవై రెండేళ్లు ఆమె కూడా అలాగే ఆలోచించకుండా వాళ్లతో జరుగుతూ వచ్చింది. ఫోను మాత్రం జరగలేదు. అది మొదట చెప్పిన చోటే మేకులా నిలబడి ఉంది. గీత ప్రకారం ఆమె సరిగ్గా ఉంది, అరవై మంది ప్రకారం తప్పు. విరామంలో ఫోను కొలత మార్చింది. పావుగంటకు బృందం ఇంకో చోటికి జరిగింది. చేతులు ఖాళీ లేకుండా వాయిస్తూ ఎన్నిసార్లని మారుస్తుంది?

మాస్టారు కర్ర ఆపి రెండో వరుస మీద కళ్లు తిప్పారు. అవి తన మీద ఆగకముందే ఆమె ఒక పని చేసింది. కమానును తీగ మీంచి వెంట్రుకవాసి పైకి లేపింది. చెయ్యి అందరితో పాటు కదులుతోంది, వేళ్లు పడుతున్నాయి, శబ్దం లేదు. మాస్టారి మొహం విప్పారింది. "ఆ, ఇప్పుడు బాగుంది" అన్నారు.

మర్నాడూ గాల్లోనే వాయించింది. ఆ మర్నాడూ అంతే. ఫోను స్టాండు మీద ఖాళీ తెరతో కూర్చుంది, గియ్యడానికి గీత లేక. పక్క అమ్మాయికి తెలిసిపోయింది. ఏమీ అనలేదు గానీ, ఆమె వైపు చూడటం మానేసింది. నాలుగో రోజు ఒక ముసలి ప్రేక్షకుడు, సాధన చూడటానికి అనుమతి తెచ్చుకున్నవాడు, బయట ఆమెను ఆపి, "మీరు ఎంత లీనమై వాయిస్తారమ్మా" అన్నాడు. ఆమె వేదిక వెనక స్నానాల గదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, నోట్లో చేతిరుమాలు కుక్కుకుని ఏడ్చింది.

అక్కణ్నుంచి నేరుగా యాప్‌రాజు ఇంటికి వెళ్లింది. రెండు గదుల ఇల్లు. అతను నేల మీద కూర్చుని ఏదో కొరియరు కంపెనీ ఉద్యోగానికి దరఖాస్తు నింపుతున్నాడు. లేచి కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"నాలుగు రోజులుగా నేను వాయించడం లేదు. కమాను గాల్లో ఆడిస్తున్నాను."

అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

"నా కుర్చీ పోగొట్టుకుని నేనిక్కడ కూర్చుంటే, మీరక్కడ గాలి వాయిస్తున్నారా?"

"అవును."

"ఆ మాట నాకెందుకు చెప్తున్నారు? నేనేం చెయ్యాలి ఇప్పుడు, ఇంకో యాప్ వెతకాలా?"

"రేపు మాస్టారికి చెప్పేస్తాను. నిన్ను పిలవమంటాను. ముందు నీకు చెప్పాలనిపించింది."

"జాలా అక్కా?"

"జాలి పడే స్థితిలో ఉన్నానా నేను?" ఆమె గోడ పట్టుకుంది. "నువ్వే ఆ రోజు మాస్టారితో ఒక్క మాట అనుంటే ఇదంతా ఉండేది కాదు. ఎందుకు అనలేదు?"

అతను దరఖాస్తు కాగితం మడిచాడు, మళ్లీ మడిచాడు. "అందామనే వెళ్లాను. రెండుసార్లు. తలుపు దాకా వెళ్లాను. గొప్పగా చెప్పుకోవడానికేం లేదక్కా, రెండుసార్లూ లోపల ఎవరో ఉన్నారు. లేకపోతే చెప్పేవాణ్నేమో."

ఆమె క్లిప్పు మైకు కిటికీ అంచు మీద పెట్టి వచ్చేసింది. ఈసారి అతను వద్దనలేదు.

మర్నాడు పొద్దున మాస్టారి గదిలో నిలబడి మొత్తం చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారే ఆపారు.

"పరీక్ష రోజు నీకు వినిపించలేదా?"

"లేదండీ."

"మరెలా వాయించావు?"

"వేళ్లతో."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన మొహంలో కోపం ఉందో బాధ ఉందో ఆమెకు తెలియలేదు. "నీ కనుబొమ్మ చూసి నేను కూడా శ్రుతి సరిచూసుకున్న రోజులున్నాయమ్మా" అన్నారు. "కానీ ఆ కుర్చీ నీకోసం ఖాళీగా ఉంచలేను."

"ఉంచమని రాలేదండీ. అతన్ని పిలవండి."

"చెవి బాగుపడితే మళ్లీ పరీక్షకి కూర్చో."

"అలాగేనండీ."

ఆ మధ్యాహ్నానికే యాప్‌రాజుకు కబురు వెళ్లింది. అతను ఆమెకు ఫోను చెయ్యలేదు. వారం తర్వాత మాత్రం ఒక సందేశం పంపాడు, ఒక యాప్ పేరు, దాని కింద "చెవికి శ్రుతి గుర్తుపట్టే అభ్యాసాలు ఉంటాయి, కుడి చెవితో చేసి చూడండి" అని. ఆమె చేసి చూసింది. మొదటి మెట్టులోనే ఇరవైకి తొమ్మిది వచ్చాయి.

మూడు నెలలు గడిచాయి. డాక్టరమ్మ మళ్లీ గాజు గదిలో కూర్చోబెట్టింది. ఎడమ చెవి గీత కొంత పైకి లేచింది. రెండు చెవుల మధ్య దూరం అరస్వరం నుంచి పావు స్వరానికి తగ్గింది. "చాలా మెరుగమ్మా" అని డాక్టరమ్మ సంతోషించింది. "ఇంకా తగ్గుతుందా?" అని ఆమె అడిగింది. డాక్టరమ్మ కాగితాలు సర్దుతూ, "ఇక్కడితో ఆగొచ్చు" అంది.

ఆమె రెండు రోజులు వయొలిన్ పెట్టె తెరవలేదు. మూడో రోజు సాయంత్రం భర్త పని నుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుంటుంటే, తెరిచింది. ఫోను ఆపేసి బీరువాలో పెట్టింది.

"ఇలా వచ్చి కూర్చోండి. వాయిస్తాను, ఎలా ఉందో చెప్పండి."

"నాకేం తెలుసు సంగీతం గురించి?"

"తెలియక్కర్లేదు. బాగుంటే బాగుందనండి, లేకపోతే లేదనండి. నా మొహం చూసి మాత్రం చెప్పకండి."

ఆయన చేతులు తుడుచుకుని మంచం అంచున కూర్చున్నాడు. ఆమె ఒక నెమ్మది పాట మొదటి నుంచి చివరి దాకా వాయించి ఆగింది. ఆయన నేల వైపు చూశాడు.

"చెప్పండి."

"బాగాలేదు" అన్నాడాయన, ఆ మాట అనడానికి చాలా కష్టపడి. "మధ్యలో రెండు మూడు చోట్ల పళ్లు జివ్వుమన్నాయి."

"ఎక్కడ?"

"అదెలా చెప్పను?"

"మళ్లీ వాయిస్తాను. అక్కడికి రాగానే చెయ్యి ఎత్తండి."

ఆమె మొదలుపెట్టింది. పాటలో రెండో పాదం దాటుతుండగా ఆయన చెయ్యి ఎత్తాడు. ఆమె ఆగి, వేలు కొంచెం పైకి జరిపి, అదే స్వరం మళ్లీ లాగింది. ఆయన కొంచెం ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. ఆమె వేలు వెనక్కి జరిపి, ఆయన మొహం చూస్తూ మళ్లీ లాగింది.